విస్మృత శాఖ: ఒక ముందుమాట

ఈ గ్రంథద్వారం దాటి లోపలికి అడుగు పెట్టే ముందు, చదువరులారా, పెద్దకొడప్‌గల్‌లోని మా ఇంటి అరుగు మీద కాసేపు నా పక్కన కూర్చోండి. ఇక్కడి నుంచి వాయవ్యంగా సాగితే నాందేడు సీమలోని కందార్ దుర్గం వస్తుంది. నైరుతిగా సాగితే బహమనీల రాజధాని బీదరు వస్తుంది. తెలుగు, మరాఠీ, కన్నడం ఒకే సంతలో బేరమాడుకునే ఈ నేల ఆ రెండు కోటల నడుమ ఎన్ని సైన్యాల రాకపోకలను చూసిందో లెక్కించినవారు లేరు. 1624లో జరిగిన భాత్వడి యుద్ధానికి కొంత ముందు, గోల్కొండ సుల్తాను నుంచి తనకు రావలసిన పైకాన్ని రాబట్టుకొనేందుకు కందార్ దాకా వచ్చి, అది చేతికందగానే బీదరు మీద విరుచుకుపడిన వృద్ధ సేనాని ఒకడున్నాడు. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. పేరు మలిక్ అంబర్. ఆయన పుట్టింది ఆఫ్రికా ఖండంలో, ఇథియోపియా దేశంలో.

ముప్పయి ఏళ్ళకు పైగా బడిలో తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పిన నాకు, మా ఊరికి ఇరువైపులా ఉన్న రెండు కోటలను కలిపే ఈ వృత్తాంతం ఉద్యోగ విరమణ తరువాత గాని తెలియలేదు. తెలియజేసినవాడు నా పూర్వ విద్యార్థి. ఇప్పుడు తానూ ఉపాధ్యాయుడైన ఆ చిరంజీవి, హైదరాబాదు ఏ.సి. గార్డ్స్ బస్తీలోని సిద్దీ కుటుంబాల యువతీయువకులు కొందరితో కలిసి, మూడు వేసవి సెలవులను ధారపోసి కూర్చిన గ్రంథమిది. తమ పేర్లను ముందుమాటలో ఉగ్గడించవద్దని వారు నన్ను కోరారు. పెద్దవాడిగా ఆ కోరికను కాదనగలిగే చనువు నాకున్నా, వారి వినయాన్ని మన్నించడమే ధర్మమని తోచి పేర్లను విడిచిపెడుతున్నాను. శ్రమను మాత్రం విడిచిపెట్టను. ఆదివారాల్లో సమావేశమై, తమ వంశంలో వెనుకటి తరాలవారు సాధించినదేమిటో ఒకరికొకరు చెప్పుకొని, చెప్పుకొన్నదానిని రాసుకొని, రాసుకొన్నదానిని పెద్దల ముందు మళ్ళీ చదివి సరిదిద్దించుకొని, అటుపైన బీదరులోని హబ్షీ కోట్ గుట్ట మీది సమాధుల నుంచి ఖుల్దాబాదులోని అంబర్ గోరీ దాకా, అక్కడి నుంచి ఆదోని మసీదు దాకా సొంత ఖర్చులతో తిరిగి వచ్చి, అప్పుడు గాని వీరు కలం పట్టలేదు. పరిశోధన అనే మాటకు నా గురువులు నాకు చెప్పిన అర్థం ఇదే.

భాషాపండితుడిని గనుక మాటల దగ్గర కొంచెం ఆగుతాను. హబష్ అంటే అరబ్బీలో అబిసీనియా, అనగా నేటి ఇథియోపియా ప్రాంతం. ఆ దేశస్థుడు హబ్షీ. కాలక్రమాన ఆఫ్రికా నుంచి వచ్చిన ప్రతివానికీ ఆ పేరే వర్తించింది. సిద్దీ అన్న పదం ‘నా ప్రభువు’ అనే అర్థం గల అరబ్బీ గౌరవవాచకం నుంచి పుట్టిందని పండితుల అభిప్రాయం. అంగళ్ళలో అమ్ముడుపోయిన మనిషి సంతతికి ప్రభువాచకం వంశనామమై నిలిచిందంటే, ఆ రెండు స్థితుల నడుమ ఎన్ని తరాల శౌర్యమూ, ఎంత బుద్ధిబలమూ వెచ్చించవలసి వచ్చిందో ఆలోచించండి. హైదరాబాదు నగరమంతటా ఆ పేరు చెదిరి ఉంది. గోల్కొండ కోటలో హబ్షీ కమానులున్నాయి. పాతనగరానికి చేరువలో సిద్దీ అంబర్ బజారుంది. హబ్సిగూడ పేరు సైతం హబ్షీల వల్లనే వచ్చిందని జనశ్రుతి. మా ఊరి నుంచి పట్నం పోయినవారు బస్సు కండక్టరు నోట రోజూ వినే పేర్లే ఇవి. విని దిగవలసిన చోట దిగిపోతాము గాని, ఆ పేరు ఎవరిదని అడగము.

అడగకపోవడం చేత ఒక జాతి చరిత్ర లేనిదైపోతుందని మన తెలంగాణం స్వానుభవంతో ఎరుగును. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న మాట ఒకటి ఆ రోజుల్లో అచ్చుకెక్కగా, సురవరం ప్రతాపరెడ్డిగారు వాదానికి దిగలేదు, వాపోలేదు. ఊరూరికీ లేఖలు పంపి, పద్యాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అందులో 354 మంది కవులు! లేరన్నవారికి ఉన్నవారి పట్టికను మించిన సమాధానం లేదు. అమెరికాలో కార్టర్ వుడ్సన్ అనే మహనీయుడు సరిగ్గా ఆ తరంలోనే ఆ పనినే చేశాడు. అతని తల్లిదండ్రులు బానిసత్వంలో పుట్టినవారు. తాను బొగ్గుగనుల్లో కూలి చేసి, ఆలస్యంగా చదువుకొని, 1912లో హార్వర్డు విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందాడు. నల్లజాతివారికి చరిత్ర లేదని పుస్తకాలు బోధిస్తున్న కాలంలో, 1915లో ఆ చరిత్ర అధ్యయనం కోసమే ఒక సంఘాన్ని స్థాపించి, 1926లో ఫిబ్రవరి నెలలో ఒక వారాన్ని దానికి కేటాయించాడు. యాభై ఏళ్ళు గడిచి 1976 నాటికి ఆ వారం మాసమైంది. ఏటా ఫిబ్రవరిలో ఆ దేశంలో జరిగే నల్లజాతి చరిత్ర మాసోత్సవానికి మూలం ఆ ఒక్క మనిషి పట్టుదల. ప్రతాపరెడ్డిగారూ వుడ్సనూ ఒకరినొకరు ఎరుగరు. కాని ఈ గ్రంథాన్ని కూర్చిన పిల్లలు ఆ ఇద్దరికీ వారసులని నేను తలుస్తున్నాను.

ఇక మలిక్ అంబర్ చరిత్రకు వస్తాను. ఈ గ్రంథంలో దానికి దక్కిన విస్తారమైన స్థలం ఉచితమే. 1548 ప్రాంతంలో పుట్టిన ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు చాపూ. బాల్యంలోనే బానిసగా అమ్ముడై, మోఖా రేవు మీదుగా బాగ్దాదు చేరి, అక్కడ మీర్ ఖాసిం అనే యజమాని దగ్గర చదువు నేర్చి, అంబర్ అన్న కొత్త పేరుతో దక్కనుకు వచ్చాడు. ఇక్కడ ఆయనను కొన్న చంగీజ్ ఖాన్ అహ్మద్‌నగర్ నిజాంషాహీ రాజ్యానికి పేష్వా, అతడూ హబ్షీయే. ప్రభువు మరణించాక స్వేచ్ఛ పొంది, చిన్న అశ్వికదళంతో మొదలుపెట్టి, మొగలాయి సేనలు అహ్మద్‌నగర్ కోటను 1600లో పట్టుకొన్న తరువాత, కూలిపోయిందని లోకమనుకొన్న రాజ్యాన్ని తన భుజాల మీద నిలబెట్టి, మరణించేవరకూ, అంటే 1626 దాకా అక్బరు, జహంగీరుల బలగాలను నర్మదకు దక్షిణాన నిశ్చింతగా కాలు నిలపనీయని ధీరుడాయన. కొండల్లో మాటువేసి, శత్రువు సరఫరాలను తెగగొట్టి, రాత్రివేళ పడి తెల్లవారేసరికి మాయమయ్యే యుద్ధవిద్యను మరాఠా రౌతులతో కలిసి ఆయన పండించాడు. భాత్వడి రణంలో ఆయన పక్షాన పోరాడినవారిలో శివాజీ తండ్రి షహాజీ ఒకడు. జహంగీరు చక్రవర్తి ఆయనను రణరంగంలో గెలవలేక, తాను అంబరు శిరస్సుపై బాణం వేస్తున్నట్టు అబుల్ హసన్ అనే ఆస్థాన చిత్రకారుని చేత బొమ్మ వేయించుకొన్నాడు. శత్రువు చేసిన సన్మానాలలో దాన్ని మించినది నేనెరుగను.

అయినా నా మనసు ఆయన యుద్ధాల కన్నా ఆయన నీళ్ళ దగ్గరే నిలుస్తుంది. 1610లో ఖడ్కీ అనే గ్రామం దగ్గర ఆయన రాజధాని నిర్మించి, ఆ మెట్టనేలకు దూరపు ఊటల నుంచి భూగర్భ కాలువల ద్వారా నీరు రప్పించాడు. నహర్-ఎ-అంబరీ అని దానికి నేటికీ పేరు. ఆ ఖడ్కీయే తరువాత ఔరంగాబాదు అయింది, ఇటీవల ఛత్రపతి శంభాజీనగర్ అయింది. ఆసఫ్‌జాహీల తొలి రాజధాని అది. నిజాం రాష్ట్రంలోని నాలుగు సుబాలలో ఒకదానికి కేంద్రం అది. మంజీరకు అడ్డంగా 1931లో పూర్తయిన నిజాంసాగరం నీళ్ళతో అన్నం తిన్న మా సీమవాళ్ళకు, నీరు తెచ్చిన పాలకుని విలువ ఎవరూ బోధించనక్కరలేదు. పొలాల్ని కొలిపించి, నేల సారాన్ని బట్టి శిస్తు నిర్ణయించిన పద్ధతి కూడా ఆయన పేరుతోనే దక్కనులో నిలిచింది. కత్తి పట్టినవాడు కాలువ తవ్వించడం, కాలువ తవ్వించినవాడు రైతు గోడు వినడం అరుదైన సంయోగం.

మలిక్ అంబర్ ఒక్కడే కాదు గనుకనే ఈ గ్రంథం అవసరమైంది. ఢిల్లీలో రజియా సుల్తానా అశ్వశాలాధిపతి జమాలుద్దీన్ యాకూత్, వంగదేశాన్ని 1487 నుంచి కొన్నేళ్ళు ఏలిన హబ్షీ సుల్తానులు, అహ్మదాబాదులో 1572-73లో రాతిని లతగా మలచిన గవాక్షాల మసీదును కట్టించిన సిద్దీ సయ్యద్, పశ్చిమ సముద్రంలో జంజీరా దుర్గాన్ని ఎవరికీ చిక్కనీయని సిద్దీ నవాబులు, వీరందరి గురించీ గ్రంథకర్తలు క్లుప్తంగానైనా చక్కగా చెప్పారు. తెలుగువారు మరింత శ్రద్ధగా చదవవలసింది సిద్దీ మసూద్ ఖాన్ అధ్యాయం. విజాపుర రాజ్యానికి కొంతకాలం సర్వాధికారిగా ఉండి, అక్కడి కుట్రలతో విసిగి పదవిని వదులుకొని, ఆయన వచ్చి స్థిరపడింది మన ఆదోనిలో. ఆదోని కోట 1688లో మొగలుల వశమైంది. ఆయన కట్టించిన జామియా మసీదు మాత్రం నేటికీ నమాజులతో సజీవంగా ఉంది. దాని రాతిపనిని చూసి మెచ్చుకొనే యాత్రికులలో ఎందరికి తెలుసు, ఆ కట్టడం ఒక ఆఫ్రికా వంశీయుని భక్తికి ఆకృతి అని!

గ్రంథంలో నాకు అత్యంత ప్రీతిపాత్రమైనది వనపర్తి నుంచి మొదలయ్యే భాగం. పంతొమ్మిదవ శతాబ్దిలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన కొలువులో ఆఫ్రికా యోధులతో అశ్వికదళాన్ని నిలిపాడు. ఆ దళం పిమ్మట నిజాం ప్రభుత్వానికి చేరి, ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ అన్న పేరుతో రాజరక్షణలోనూ, ఊరేగింపుల వైభవంలోనూ పాలుపంచుకొంది. వారికి నివాసంగా ఇచ్చిన చోటే మాసబ్ ట్యాంకు సమీపంలోని నేటి ఏ.సి. గార్డ్స్. ఒక తెలుగు సంస్థానం గుండా సిద్దీలు హైదరాబాదుకు వచ్చారన్న సంగతి, వీరిని ‘పరాయివారు’గా ఎంచే అలవాటును ఒక్క వాక్యంతో కొట్టివేస్తుంది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమయ్యాక ఆ దళాలు రద్దయ్యాయి. గుర్రం దిగిన మనిషి తన కొడుకు చేత ఏ పని చేయించాలి? ఈ ప్రశ్నకు ఆ బస్తీలోని ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క విధంగా జవాబు వెతుక్కొంది. ఆ జవాబులను గ్రంథకర్తలు ఇంటింటికీ తిరిగి అడిగి, చెప్పినవారి మాటతీరును దిద్దకుండా, ఆ దక్కనీ ఉర్దూ కమ్మదనాన్ని తెలుగు లిపిలో నిలుపుతూ రాసుకొన్నారు. దిద్దవద్దని వారికి సలహా ఇచ్చింది నేనే. ఈ గ్రంథంలో నా పాత్ర అంతమాత్రమే.

మర్ఫా ప్రసక్తి లేకుండా ఈ పీఠిక ముగియకూడదు. నా పదవ ఏట బిచ్కుందలో ఒక పెళ్ళి ఊరేగింపులో తొలిసారి ఆ వాద్యధ్వనిని విన్నాను. పట్నం నుంచి వచ్చిన వాద్యగాళ్ళు మర్ఫా, ఢోలు, డఫ్ పట్టుకొని వరుసగా నిలబడి, మొదట మెల్లగా, క్రమంగా వడిగా, చివరికి నేల కంపించేలా వాయిస్తుంటే, మా నాయన భుజాల మీద కూర్చొని చూసిన ఆ రాత్రి ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులూ, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలూ హైదరాబాదుకు ఇచ్చిన కానుక ఆ వాద్యం. ఈనాడు అది ముస్లింల పెళ్ళిళ్ళలో మోగుతుంది, బోనాల ఊరేగింపులో మోగుతుంది, గణపతి నిమజ్జనంలో మోగుతుంది. అది మోగని వేడుక నగరవాసికి వేడుకగానే తోచదు. తరాలు గడిచేకొద్దీ పూర్వులు ఆఫ్రికాలో మాట్లాడిన భాషలు మరుగునపడ్డాయి, తాళం నిలిచింది. లయ కూడా ఒక లిపియే అని గ్రంథకర్తలు ఒకచోట రాశారు. ఆ వాక్యాన్ని నేను రాసి ఉంటే బాగుండేదని ముచ్చటపడ్డాను.

మన పల్లెల్లో చదువరి అయిన ప్రతి యువకుడూ అలెక్స్ హేలీ నవలకు సహవాసి చేసిన తెలుగు అనువాదం ‘ఏడు తరాలు’ చదివి కుంటా కింటే కోసం కన్నీరు పెట్టినవాడే. హైదరాబాదు బుక్ ట్రస్ట్ వెలువరించిన ఆ పుస్తకం మా ఊళ్ళో చేతులు మారి మారి అట్ట చినిగి, మళ్ళీ కుట్టబడి తిరిగింది. 1946లో అంబేడ్కర్ గారు అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు లేఖ రాశారన్న సంగతినీ మా పిల్లలు ఎరుగుదురు. అట్లాంటిక్ అవతల జరిగిన దారుణానికి కరిగిన హృదయం, అరేబియా సముద్రం మీదుగా మన దక్కనుకే చేరిన మనుషుల వైపు తిరగకపోవడం నన్ను చాలాకాలం బాధించింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. హిందూ మహాసముద్రంలో బానిస సేనాపతి కాగలిగాడు, మంత్రి కాగలిగాడు, రాజు సైతం కాగలిగాడు గనుక ఆ బానిసత్వం సౌమ్యమైనదని కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. చాపూను కన్న తల్లికి మలిక్ అంబర్ కీర్తి చేరలేదు. ఈ గ్రంథం ఆ తల్లిని విస్మరించలేదు. బానిస విపణిని గురించిన అధ్యాయాన్ని సేనానుల అధ్యాయాలకు ముందే ఉంచింది. ఆ క్రమం వివేకవంతుల నిర్ణయం.

పెద్దరికం వహించి రాస్తున్నప్పుడు లోపాలను దాచడం ఆశీర్వచనం కాదు. కాలనిర్ణయంలో కొన్నిచోట్ల పెద్దల జ్ఞాపకాన్నే ప్రమాణంగా తీసుకొన్నారు. దఫ్తరాలతో సరిచూడవలసి ఉంది. స్త్రీల గొంతు తక్కువ వినబడింది. గుజరాతులో సిద్దీ మహిళల అభ్యున్నతికి పాటుపడి 2023లో పద్మశ్రీ అందుకొన్న హీరాబాయి లోబీ గారి వంటివారి కథ చదివాక, మన ఏ.సి. గార్డ్స్ అవ్వలకు చెప్పవలసింది ఎంత ఉందో అనిపిస్తుంది. ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలను కేంద్రం 2003లో షెడ్యూల్డు తెగల్లో చేర్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2007 నాటి చట్టం సిద్ది, యాబ, హబ్షి, జాసి అన్న పేర్లతో వీరిని వెనుకబడిన తరగతుల ఇ-వర్గంలో లెక్కించింది. ఒకే జనసమూహానికి రాష్ట్ర సరిహద్దు దాటగానే గుర్తింపు మారిపోయే ఈ తీరును మలిముద్రణలో విపులంగా చర్చించమని గ్రంథకర్తలను కోరుతున్నాను. ఇథియోపియా పరిశోధకుడు అబాబు మిందా యిమెనె హైదరాబాదు సిద్దీల మీద రాసిన ఆంగ్ల గ్రంథం 2004లోనే వెలువడింది. రిచర్డ్ ఈటన్ దక్కను చరిత్రలో అంబరుకు ఒక పూర్తి అధ్యాయమిచ్చి 2005లో ప్రకటించాడు. తెలుగులో, ఆ కుటుంబాల పిల్లలే పూనుకొని రాసిన పుస్తకంగా నా చేతికి వచ్చిన మొదటిది ఇదే. పై లోపాలేవీ దీని గౌరవాన్ని తగ్గించవు.

ప్రూఫులు చూసే రోజుల్లో ఆ యువకులు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. తినేటప్పుడు వారిలో చిన్నవాడు, “తాతా, మీ ఊరి మీదుగానే మా అంబర్ సాబ్ పోయి ఉంటాడా?” అని అడిగాడు. “మీ అంబర్ సాబ్ అనకు బిడ్డా, మన అంబర్ సాబ్ అను” అన్నాను. ఆ పిల్లవాడు మారుమాట లేకుండా తల వంచి రొట్టె తుంచుకొన్నాడు.

చదువరులారా, మీకొక విన్నపం. నిజాం కాలపు సైన్యంలో, సంస్థానాల కొలువుల్లో, గడీల్లో మీ పూర్వులు పనిచేసి ఉంటే, పాత పెట్టెల అడుగున సనదులో, జీతపు చిట్టాలో, గుర్రాల పక్కన నిలబడిన మనుషుల మసకబారిన ఛాయాచిత్రాలో ఉండవచ్చు. చెదలు పట్టకముందే వాటిని బయటికి తీసి, వెనుక పేర్లు రాసి, ఈ గ్రంథకర్తలకు ఒక నకలు చేర్చండి. రెండవ సంపుటం పనిని వారు అప్పుడే మొదలుపెట్టారు.